వద్దన్నా వడ్డన

మా అటక మీద నా పదో ఏటి నుంచీ ఉంటున్న చుట్టం ఈ ఉదయం నిచ్చెన దిగి కిందికి వస్తున్నాడు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, పంచె సర్దుకుని, మళ్ళీ దిగుతున్నాడు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాను. గ్లాసులో కాఫీ చల్లారడం మానేసి వేడెక్కుతోంది.

చిన్నప్పుడు నాకు మెడ కింద బిళ్ళలు కట్టి గట్టిగా జ్వరం వచ్చింది. జ్వరంతో పాటే ఇతనూ వచ్చాడు. జ్వరం వెళ్ళిపోయింది, ఇతను మాత్రం అటకెక్కాడు. పెళ్ళయ్యాక నా ట్రంకు పెట్టెలో ముడుచుకుని కూర్చుని ఈ ఇంటికీ వచ్చాడు. ఇలాంటివాడు ఒకడు అందరి ఇళ్ళలోనూ ఉంటాడనీ, పలకరించకపోతే పడి ఉంటాడనీ మా అమ్మ చెప్పింది. నిజంగానే పడి ఉన్నాడు. పండగ పూట కూడా పిండివంట అడిగి ఎరగడు.

"ఏం, దిగారు?" అని అడుగుతాను. మేమిద్దరం మాట్లాడుకోవడం ఇదే మొదలు.

"పైన ఇరుకైపోయిందండి అమ్మాయిగారూ. దిండ్లు పిల్లల్ని పెడుతున్నాయి."

నిచ్చెన ఎక్కి చూస్తాను. నా పెళ్ళినాటి దూది దిండ్లు అటక మీద వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కోదాని పక్కన చిన్న దిండ్లు, వాటి పక్కన ఇంకా చిన్నవి. అన్నీ మా గలీబులే వేసుకుని ఉన్నాయి. బయటి దిండు ఒక్కటీ లేదు. బరువుకి అటక చెక్క రెండు చోట్ల కిందికి ఉబ్బింది. నా చంకలో ఒకటి, మెడ దగ్గర ఒకటి బిళ్ళలున్నాయి. చంకలోదాన్ని నొక్కి చూస్తే పైన చెక్క కిర్రుమంటుంది.

"వీటిని పెంచింది నువ్వేనా?" మర్యాద తగ్గించేస్తాను.

"నేను పక్కన పడుకున్నానంతేనండి. పడుకున్నంత మాత్రాన అవి ఈనేస్తాయని నాకేం తెలుసు?"

అతను వెళ్ళి హాల్లో మడతకుర్చీలో కూర్చుంటాడు. ఎర్రగా, పొట్టిగా, చాలా సిగ్గుపడుతూ ఉన్నాడు. అతను కూర్చున్న వెంటనే నాకు జ్వరం మొదలవుతుంది. జ్వరం మొదలైన వెంటనే వీధి తలుపు తోసుకుని వడ్డించేవాళ్ళు లోపలికి వస్తారు.

మాది మండపేటలో షామియానాల కొట్టు. మా ఆయన తాతారావు గుంజలు పాతించి పందిళ్ళు వేయిస్తారు. కుర్చీలు, బల్లలు, గుండిగలు, గరిటెలు నా చేతి మీదుగా అద్దెకి వెళ్తాయి. వడ్డించే మనుషుల్ని కూడా మేమే పంపిస్తాం. మా వడ్డనకి కోనసీమ దాకా పేరు. తినేవాడు ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోయగలవాడే మా దగ్గర పనికొస్తాడు. అంచేత వడ్డించేవాళ్ళు ఇంటికి రావడంలో వింతేమీ లేదు.

కానీ వీళ్ళు మా మనుషులు కారు. తెల్ల లాల్చీలు, తెల్ల తలపాగాలు. అందరికీ నా ముక్కే ఉంది. అది మా నాన్న వైపు ముక్కు, కొస కాస్త కిందికి వంగి ఉంటుంది. మగవాళ్ళ మొహాల మీద అది ఇంకా బాగుంది. అందరికంటే ముందున్నవాడు అందరికంటే లావు. తన పేరు సన్యాసిరావని చెప్పుకుంటాడు. ఆ పేరుకీ ఆ పొట్టకీ ఎక్కడా పొత్తు కుదరలేదు.

"మిమ్మల్ని ఎవరు పిలిచారు?"

"ఆయ్, పిలిస్తే వచ్చేవోళ్ళం కాదండి మేము. చుట్టం దిగాడంటే వచ్చేత్తాం. ఆడికి మర్యాద చేసి అంపించేసే పూచీ మాది. తవరు కూకోండి."

పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, అదీ వీళ్ళ పద్ధతి. చుట్టం ముందు అరిటాకు పరుస్తారు. పొగలు కక్కే అన్నం, మరుగుతున్న పప్పుచారు, సలసలలాడే నెయ్యి. అతను వద్దంటున్న కొద్దీ పోస్తారు. కాసేపటికి అన్నం గుట్టలోంచి అతని పంచె అంచు ఒక్కటే కనిపిస్తుంది. తర్వాత అదీ కనిపించదు. అతను ఆకు కిందికి జారుకున్నాడని నాకు తెలుస్తూనే ఉంది, వీళ్ళకి తెలియడం లేదు.

నా ముందు కూడా ఆకు వేస్తారు.

"నాకెందుకయ్యా? నేను ఇంటిదాన్ని."

"ఆడెక్కడ నక్కాడో తెలీదు కదండి. ఇంట్లో ఉన్నోళ్ళందరికీ యేసేత్తే ఆడికీ పడుద్ది" అంటాడు సన్యాసిరావు.

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. నేను కూర్చుంటాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మంచి వడ్డన కళ్ళబడితే ఆయనకి ఒళ్ళు తెలీదు. పైగా నేను నాలుగు రోజులుగా సరిగా తినడం లేదని ఆయనకి బెంగ. తువ్వాలు భుజం మీద వేసుకుని సంతోషంగా కేకేస్తారు.

"బాబూ, మావిడికి మొహమాటం ఎక్కువండి. వద్దంటుంది. వద్దన్నా వెయ్యండి!"

ఆ మాట మా ఊళ్ళో ప్రతి పందిట్లోనూ, ప్రతి బంతిలోనూ ఎవరో ఒకరు అంటారు. దాన్ని ఎవరూ పట్టుకు కూర్చోరు. సన్యాసిరావు మాత్రం గరిటె ఎత్తి నుదుటికి ఆనించుకుంటాడు. వెనకాల ఉన్నవాళ్ళు కూడా తమ గరిటెలు ఆనించుకుంటారు. దేవుడి దగ్గర ప్రమాణం చేసినట్టు చేస్తారు.

ఇక అక్కడి నుంచి వడ్డన ఆగదు. నేను చాలంటాను, గరిటెడు పడుతుంది. చెయ్యి అడ్డం పెడతాను, చేతి మీద పడుతుంది. మొహం తిప్పుకుంటాను, తిప్పుకున్న వైపుకి ఇంకో ఆకు వేస్తారు. ఒళ్ళు కాలిపోతోంది. నేను ఆనుకున్న గోడకి సున్నం మెత్తబడి వీపుకి అంటుకుంటోంది. ఎవరి మొహంలోనూ కోపం లేదు. అందరూ నా ముక్కుతో నన్ను చూసి ఆప్యాయంగా నవ్వుతున్నారు.

మా ఇంటికి ఎడమ వైపున సామాన్ల గది ఉంది. తెల్లారేసరికి అది కొంచెం పొడుగవుతుంది, సాయంత్రానికి ఇంకొంచెం. దాని గోడ నా ఎడమ డొక్కలోకి వచ్చి ఆనుతోంది. ఒక పక్కకి తిరిగి పడుకోవడం కుదరడం లేదు. ఆ గది చూసి హాలు కూడా సాగడం మొదలుపెడుతుంది. మా ఆయన గుమ్మంలోంచి కదలకుండానే దూరమైపోతున్నారు. మొదట ఆయన మీసం కనిపించడం మానేసింది. ఇప్పుడు తువ్వాలు రంగు మాత్రం తెలుస్తోంది.

నా ముందున్న ఆకు కూడా హాలుతో పాటే సాగుతోంది. ఇవతలి అంచు నా ఒళ్ళో ఉంది. అవతలి అంచు ఆయన దగ్గరెక్కడో ఉండాలి.

సరుకు అయిపోతుంది. అంత వడ్డనకి ఏ ఇంట్లో సరుకు ఆగుతుంది? బియ్యం డబ్బా అడుగు గీకుతారు. పచ్చడి జాడీలు కడిగి ఆ నీళ్ళు పోస్తారు. తర్వాత సన్యాసిరావు నా తుంటి వైపు చూస్తాడు.

నా తుంటి ఎముక లోపల ఒక వంటశాల ఉంది. నేను పుట్టినప్పటి నుంచీ అక్కడ గాడిపొయ్యి ఆరలేదు. జల్లిగరిటెలోంచి ఎర్రటి బూంది చుక్కలు చుక్కలుగా రాలుతూ ఉంటుంది. ఆ బూంది వల్లే నేను నడుస్తున్నాను, కుర్చీలు లెక్కపెడుతున్నాను, మా ఆయన మీద కేకలేస్తున్నాను. సన్యాసిరావు మూలుగ తలుపు తీసుకుని లోపలికి వెళ్తాడు. బూంది ఎలా కుదిరిందో చూడ్డానికి అన్నట్టు చిటికెడు నోట్లో వేసుకుంటాడు. తర్వాత పిడికెడు. తర్వాత పొయ్యి పక్కన నిలబడి, గరిటె కిందే నోరు పెడతాడు.

"అది పిల్లాపాపా తినాల్సిందయ్యా" అంటాను. నాకు పిల్లలు లేరు. అయినా వంట దగ్గర అలాగే అంటాం.

"రుచి చూత్తన్నానండి. రుచి చూడకుండా పెడితే పాపం" అంటాడు నోటి నిండా బూందితో.

వాడు తింటున్న కొద్దీ నా రంగు పోతోంది. ముందు బొట్టు తెల్లబడింది. తర్వాత గాజులు. ఎర్రంచు చీర కట్టుకున్నాను, అది తెల్లంచు చీరైపోయింది. అద్దంలో చూసుకుంటే నా వెనకాల ఉన్న బీరువా స్పష్టంగా కనిపిస్తోంది, నేనే సరిగా అడ్డు పడడం లేదు. ఎక్కడ ముట్టుకుంటే అక్కడ చర్మం మీద నీలి మచ్చ తేలుతోంది. బూంది పొడి కూడా వాళ్ళు వదలడం లేదు మరి. ఏదైనా కారితే పూడ్చేది ఆ పొడే.

పెరట్లో ఇనుము పెరుగుతోంది. మా స్టీలు బకెట్లు, ఇత్తడి గుండిగలు, సీసా మూతలు అన్నీ ఇనుమైపోయి, తుప్పుపట్టి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. గుట్ట కొబ్బరిచెట్టుని దాటిపోయింది. ఇంత ఇనుము మేం అద్దెకిచ్చింది లేదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఆ సామెత నేనే చాలామందితో అన్నాను. వడ్డించేవాళ్ళందరూ మనవాళ్ళే అయిపోతే ఏం చెయ్యాలో దాంట్లో లేదు.

మా ఆయన డాక్టరు గారిని తీసుకొస్తారు. హాలు బాగా సాగిపోవడం వల్ల ఆవిణ్ణి స్కూటరు వెనకాల ఎక్కించుకుని గుమ్మం నుంచి నా దాకా రావాల్సి వస్తుంది. హాలంతా పెట్రోలు వాసన. ఆవిడ పేరు షమీమ్. రక్తం జబ్బులు చూస్తారట. దిగగానే కొంగు నడుముకి దోపుకుని, మా ఆయన వైపు తిరుగుతారు.

"మీరు గుమ్మం దగ్గర కూర్చోండి. పేషెంటు మనుషులు అక్కడే ఉండాలి."

"అంత దూరవాండి?"

"అక్కడే."

ఆయన నన్ను ఒకసారి చూసి, కళ్ళు తుడుచుకుని, స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోతారు. శబ్దం చాలాసేపు వినిపిస్తుంది. చివర్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నేల మీద జరిగిన చప్పుడు వస్తుంది.

షమీమ్ గారు నా చంకలో బిళ్ళ నొక్కుతారు, పైన చెక్క కిర్రుమంటుంది. సామాన్ల గదిని అరచేత్తో తట్టి పొడవు చూసి, "ప్లీహం వాచింది" అంటారు. పెరట్లోకి తొంగి చూసి, "ఇనుము ఇంత ఉండకూడదు" అంటారు. తర్వాత నా తుంటికి మత్తు పెట్టి, సూదితో మూలుగ తలుపు తడతారు. నాకు నొప్పి తెలియదు, ఎవరో ఎముకలోంచి దారం లాగుతున్నట్టు మాత్రం ఉంది. తీసినదాన్ని గాజు పలక మీద పలచగా రాసి, భూతద్దంలోంచి చూసి, నన్నూ చూడమంటారు.

అందులో సన్యాసిరావు ఉన్నాడు. చీమంత ఉన్నాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. లాల్చీ పలచన కావడం వల్ల పొట్టలో ఎర్ర బూంది గింజలు గుండ్రంగా, చెక్కుచెదరకుండా కనిపిస్తున్నాయి. నా పక్కన నిలబడ్డ పెద్ద సన్యాసిరావు సిగ్గుతో దగ్గుతాడు.

"వీళ్ళు మీకేమవుతారు?" అని అడుగుతారు డాక్టరు గారు.

"తెలీదండి. అందరికీ నా ముక్కే ఉంది."

"అదే జబ్బు."

దాని పేరు హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్ అని చెబుతారు. ఆ పేరు పొడవుకి హాలు ఇంకో రెండు గజాలు సాగుతుంది. ఆవిడ అది గమనించి, "హెచ్ఎల్‌హెచ్ అందాం" అంటారు.

"అరుదుగా వస్తుంది. ఒంటిని కాపాడేవాళ్ళకి ఆగడం తెలియకపోవడమే జబ్బు. ఆ చుట్టం ఒక వైరస్. అందరి అటకల మీదా ఉంటాడు, ఎవరినీ ఏమీ చెయ్యడు. మీ ఇంట్లో దిండ్ల పక్కన పడుకున్నాడు. ఆ దిండ్లని లింఫోమా అంటాం. అది కేన్సరే, దాని సంగతీ చూడాలి. కానీ ఇవాళ మిమ్మల్ని తినేస్తున్నది దిండ్లు కాదు, చుట్టం కాదు. ఈ తెల్ల లాల్చీలు."

"కంచే చేను మెయ్యడం అన్నమాట."

"కంచెకి ఆకలేసి మేస్తుంది భూలక్ష్మి గారూ. వీళ్ళది మర్యాద."

"ఆపకపోతే?"

"ఇల్లు మిగలదు. మీరూ మిగలరు."

ఆవిడ దాచకుండా చెప్పినందుకు నాకు ఆవిడంటే ఇష్టం కలుగుతుంది. వెంటనే భయం కూడా వేస్తుంది. ఈ మాఘంలో మాకు ఒకటే పెళ్ళిళ్ళు. ఏ పందిట్లోనూ కుర్చీ తక్కువైందన్న మాట రాకూడదు. మా ఆయనకి చొక్కా గుండీలు పై నుంచి పెట్టుకోవాలో కింది నుంచి పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు. నాకు చచ్చిపోవాలని లేదు. ఆ మాట పైకే అనేస్తాను. వడ్డించేవాళ్ళు జాలిపడి ఇంకో గరిటె వేస్తారు.

మా ఆయన చివర్నుంచి అరుస్తారు. ముందు ఆయన చెయ్యి ఊగడం కనిపిస్తుంది, తర్వాతెప్పటికో మాట వస్తుంది.

"చాలయ్యా! ఆపండి! వద్దు!"

సన్యాసిరావు గరిటె నుదుటికి ఆనించుకుంటాడు. "వద్దన్నా యెయ్యమన్నది తవరే కదండి."

"అప్పుడన్నాను! ఇప్పుడు వద్దంటున్నా!"

"అదేనండి. వద్దంటన్నారు. అందుకే యేత్తన్నాం."

ఆ దూరంలో తువ్వాలు మొహం మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. ఆయన ఏడుస్తున్నారు. నాకు ఆయన మీద కోపం లేదు. ఆ మాట నేను కూడా మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా అంటాను.

"వీళ్ళని తరిమేద్దామండి" అంటాను డాక్టరు గారితో.

"తరిమేస్తే రేపు మామూలు జలుబుకి కూడా మీ ఇంట్లో దిక్కుండదు. కూర్చోబెట్టాలి."

"వడ్డించేవాళ్ళు కడబంతిలో తప్ప కూర్చోరు."

"కడబంతి ఎప్పుడు?"

"తింటున్నవాళ్ళందరూ ఆకు మడిచాక. మడవనిది నా ఆకు ఒక్కటే. మజ్జిగ పడకుండా ఎలా మడుస్తామండి?"

"మజ్జిగ పడితే?"

"మజ్జిగ పడ్డాక మళ్ళీ కూర వెయ్యకూడదు. అది వీళ్ళకీ తెలుసు."

షమీమ్ గారు సంచీలోంచి ఒక సీసా తీసి, గోడకి ఆనించి ఉన్న పందిరి గుంజకి తలకిందులుగా వేలాడదీస్తారు. సన్న గొట్టం నా మణికట్టులోకి వస్తుంది. మజ్జిగ చాలా పలచగా ఉంది. కరివేపాకు లేదు, అల్లం లేదు, ఉప్పు మాత్రం ఉంది. ఎవరైనా ఇలాంటి మజ్జిగ మా పందిట్లో పోస్తే నేను వాళ్ళని మళ్ళీ పనికి పిలవను. కానీ చల్లగా ఉంది. నా చేతిలోంచి నడిచి, వేళ్ళ కొసల్లోంచి ఆకు మీదికి జారుతోంది.

మొదటి చుక్క ఆకు మీద పడగానే ఒకడి గరిటె గాల్లో ఆగుతుంది. తర్వాత ఇంకొకడిది. కాసేపటికి హాలంతా గరిటెలు గాల్లో నిలబడి ఉంటాయి. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, అటక మీద దిండ్లు ఈనుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది.

సన్యాసిరావు నా పక్కన గొంతుకూర్చుంటాడు. పొట్ట మోకాళ్ళ మధ్య వేలాడుతోంది. మొదటిసారి అతని మొహం చిన్నబోతుంది.

"అమ్మాయిగారూ, ఆకలేత్తందండి."

"ఇల్లంతా తిన్నావు కదయ్యా."

"నిలబడి తిన్నది తిండి కాదు కదండీ."

నా ముక్కుతో ఎవరైనా అలా అడిగితే నేను తట్టుకోలేను. నాకు వాడి మీద జాలేస్తుంది. ఎన్ని జలుబులకి, ఎన్ని దగ్గులకి వీళ్ళు పరిగెత్తుకొచ్చి ఉంటారు. ఒక్కనాడైనా ఆకు వేసి కూర్చోబెట్టలేదు.

"ఇక ఆకు మడవండి" అంటారు డాక్టరు గారు.

ఇక్కడే ఉంది చిక్కు. శుభకార్యంలో ఆకు అవతలి అంచు పట్టుకుని మన వైపుకి మడుస్తాం, ఇలాంటిది మళ్ళీ రావాలని. దినం భోజనంలో ఇవతలి అంచు ఎత్తి అవతలికి మడుస్తాం, మళ్ళీ రాకూడదని. ఇవతలి అంచు నా ఒళ్ళోనే ఉంది. తేలిగ్గా ఉంది. కాస్త ఎత్తితే దానంతట అదే వెళ్ళిపోతుంది, హాలు కూడా అటే వాలుగా ఉంది. అవతలి అంచు కంటికి ఆనడం లేదు.

వడ్డించేవాళ్ళు నా చేతి వైపే చూస్తున్నారు. కొందరు అప్పుడే చెప్పులు వేసుకుంటున్నారు. అవతలికి మడిస్తే వాళ్ళు కూర్చోరు. చావింటి నుంచి వెళ్ళేవాళ్ళు చెప్పకుండా వెళ్ళాలి, అలాగే వెళ్ళిపోతారు. మా ఆయన అక్కడే, ఆ కుర్చీలోనే ఉంటారు. హాలు మళ్ళీ పొట్టిది కాదు.

నాకు చాలా అలసటగా ఉంది. ఇవతలి అంచు కొంచెం ఎత్తుతాను. ఆకు అడుగున చల్లగా ఉంది. కాలిపోతున్న ఒంటికి ఆ చలవ ఎంత బాగుందో చెప్పలేను. ఇంకొంచెం ఎత్తుతాను. ఆకు కింద అటక చుట్టం మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉన్నాడు.

"అటు మడవకండి అమ్మాయిగారూ" అంటాడు గొంతు తగ్గించి. "మీరు పోతే నాకు అటక ఉండదు."

నన్ను ఇంత దూరం తెచ్చినవాడు వీడే. అయినా వాడు చెప్పింది నిజం. అంచు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంటాను.

అవతలి అంచు దూరంగా ఉంది, నిజమే. కానీ ఈ ఇంట్లో సామాన్ల గది సాగింది, హాలు సాగింది, ఆకు సాగింది. నా చెయ్యి ఒక్కటే ఎందుకు సాగకూడదు?

చాపుతాను. మోచెయ్యి దాటాక ఇంకో మోచెయ్యి వస్తుంది. అరచెయ్యి పులిహోర గుట్ట మీదుగా వెళ్తుంది, చల్లారిన పప్పు మడుగులోంచి వెళ్తుంది. మణికట్టుకి మజ్జిగ గొట్టం కూడా సాగుతూ వస్తోంది. వడ్డించేవాళ్ళు పక్కకి తప్పుకుని దారి ఇస్తారు. నా చెయ్యి నాకు కనిపించనంత దూరం పోయింది. ఇక వేళ్ళతోనే చూస్తున్నాను. చాలాసేపటికి వేళ్ళకి ఒక కాలి బొటనవేలు తగులుతుంది. గోరు వంకరగా ఉంది. మా పెళ్ళైన కొత్తలో గుంజ మీద పడి వంకరపోయిన గోరు అది. నాకు ఏడుపొస్తుంది.

"లేవండి" అంటాను. "మీ కాళ్ళు ఆకు మీదున్నాయి. మడవాలి."

మాట వెళ్ళడానికి పట్టినంతసేపు పడుతుంది. జవాబు రావడానికి ఇంకా ఎక్కువ పడుతుంది.

"నేను లేవనే. కుర్చీతో పాటు మడిచెయ్."

"పడిపోతారు."

"పందిళ్ళెక్కేవాణ్ణి, నాకు పడిపోవడం ఏంటే? నువ్వు లాగు ముందు."

అంచు పట్టుకుంటాను. ఆకు ఈనె తాటిదూలంలా ఉంది. లాగుతాను. మొదట ఏమీ జరగదు. తర్వాత ఎక్కడో దూరంగా, షామియానా గుడ్డ గాలికి లేచినట్టు, పచ్చగా ఏదో లేస్తుంది.

అది చూసి చెప్పులు వేసుకున్నవాళ్ళు విప్పేస్తారు. ఒక్కొక్కరే తలపాగా తీసి, ఈనె పొడవునా బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. అందరి కంటే చివర సన్యాసిరావు కూర్చుంటాడు. కూర్చోవడం అలవాటు లేక అటూ ఇటూ కదిలి, చివరికి కుదురుకుంటాడు. షమీమ్ గారు వంగి, వరసగా మజ్జిగ పోసుకుంటూ వెళ్తారు. "కావాలా?" అని ఆవిడ ఎవర్నీ అడగడం లేదు. పోసి ముందుకి వెళ్తున్నారు, అంతే.

పచ్చటి సగం పైకి లేచి, నడినెత్తికి వచ్చి, నా వైపుకి వాలుతోంది. కొబ్బరిచెట్టుని దాటిన ఇనుము గుట్ట దాని వెనక్కి పోయింది. సామాన్ల గది నా డొక్కలోంచి కొంచెం జరుగుతుంది. మడత లోపల చీకట్లో వడ్డించేవాళ్ళు నములుతున్న చప్పుడు, కాసేపటికి అది గురకైపోతుంది. నేను లాగుతూనే ఉన్నాను. చెయ్యి ఒక్కో మోచెయ్యీ తగ్గించుకుంటూ వెనక్కి వస్తోంది.

డాక్టరు గారు ఎర్రటి మందు సీసా ఒకటి చంకన పెట్టుకుని అటక నిచ్చెన ఎక్కుతున్నారు. "ఇవాళ్టికి మజ్జిగ. రేపటి నుంచి దిండ్లకి ఇది" అంటారు పై నుంచి. చుట్టం ఆవిడ చెప్పులు పట్టుకుని వెనకాలే ఎక్కుతున్నాడు. అటక మీద ఉబ్బు అలాగే ఉంది. దాన్ని చూసి ఇప్పుడు భయపడడానికి నాకు తీరిక లేదు.

ఆకు సగం నా మీదికి వచ్చేస్తుంది. దానికి అంటుకుని ఎర్ర కుర్చీ, ఎర్ర కుర్చీలో మా ఆయన తలకిందులుగా వస్తారు. ఆయన తువ్వాలు జారలేదు. పంచె జారలేదు. చొక్కా గుండీలు ఒక కన్నం తప్పి పెట్టుకున్నారు. ఆయన జుట్టు వచ్చి నా జుట్టుకి తగిలి ఆగుతుంది. ఇంత దగ్గర్నుంచి చూస్తే ఆయన మీసం తెల్లబడింది. నేను దూరంగా ఉన్నప్పుడు తెల్లబడి ఉంటుంది.

"తిన్నావా?" అని అడుగుతారు.

"తిన్నాను. కడబంతి కూడా కూర్చుంది."

"అయితే చెయ్యి కడుక్కో."

ఆయన కుర్చీ కింద నుంచి చెంబు తీసి వంచుతారు. నేను రెండు చేతులూ పైకి చాపుతాను. నీళ్ళు నా చేతుల మీద పడుతున్నాయి, మెతుకులూ నీలి మచ్చలూ కడుగుతున్నాయి. ఆయన వైపు నుంచి చూస్తే ఆ నీళ్ళు పైకి వెళ్తున్నాయి. అంచేత ఆయన చెంబుని ఇంకా జాగ్రత్తగా పట్టుకుంటారు, అది ఖాళీ కావడం లేదు, నా వేళ్ళ కొసల దగ్గర మొదలై ఎరుపు మెల్లిగా గాజుల దాకా వస్తోంది.